మైకులో పంచిన అడ్మిన్‌గిరి

నా భార్య మూడేళ్లు కట్టుకున్న ఇంటిని నేను మూడు నిమిషాల్లో, మైకు ముందు నిలబడి, దానం చేశాను. ఇటుకల ఇల్లు కాదు. ఇటుకల ఇల్లయితే కనీసం కాగితం మీద ఆమె సంతకం అడిగేవాళ్లు. ఫేస్‌బుక్ గ్రూపుకు ఆ మర్యాద కూడా లేదు. ఒత్తేస్తే అయిపోతుంది. ఒత్తింది నేనే.

గ్రూపు పేరు ‘మగ్గం దగ్గరి మాట’. గద్వాల చీర నేసేవాళ్లూ కొనేవాళ్లూ నడుమ దుకాణం లేకుండా మాట్లాడుకునే చోటు. ముప్పై ఒక్క వేల మంది. పోగు పోగు కలిపినట్టు ఆ జనాన్నంతా పోగు చేసింది మా భార్గవి. ఆమె పెట్టిన కట్టుబాటు ఒక్కటే. చీర అమ్మకానికి పెట్టాలంటే, అది మగ్గం మీద ఉండగానే వీడియో తీయాలి. నేసినవాళ్లు తమ నోటితో తమ పేరు చెప్పాలి. అంచును తిరగేసి చూపించాలి. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ పోగుకు పోగు మెలేసి కలుపుతాం. ఆ కలిపిన జాడ వెనకవైపు తెలుస్తుంది. మరమగ్గానికి అంత ఓపిక లేదు, అతికించి కత్తిరించేస్తుంది. భార్గవి మధ్యాహ్నం అన్నం తింటూ ఎడమచేత్తో ఫోను పట్టుకొని ఒక్కో వీడియో చూసేది. నచ్చితే ఒప్పుకునేది. అనుమానం వస్తే “జర వెనకకు తిప్పి సూపియ్యక్కా” అని రాసేది. ఆమె ఒప్పుకుందంటే హైదరాబాదులో ఉన్న మనిషి కూడా కళ్లు మూసుకొని కొనేది.

నేనూ నేతగాణ్నే. కానీ నాకు మగ్గం కన్నా మైకు ఇష్టం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మూడు జిల్లాల్లో మావాళ్ల పెళ్లయినా సన్మానమైనా మైకు నాదే. మైకు నాకొక మైకం. వేదిక మీదికి ఎవర్ని ముందు పిలవాలో, ఎవర్ని నడుమ కూర్చోబెట్టాలో, ఎవరికి శాలువా, ఎవరికి దండ, ఎవరికి దండం ఒక్కటే చాలో నాకు కొట్టిన పిండి. ఒకసారి అమరచింతలో పెళ్లికొడుకు పెదమామను నాలుగోవాడిగా పిలిచినందుకు ఆయన అన్నం తినకుండా బండెక్కి వెళ్లిపోయాడు. వెనకాలే ఇరవై కిలోమీటర్లు బండేసుకొని వెళ్లి బతిమాలుకొచ్చాను. అప్పట్నుంచి నాకు మనిషి కనిపిస్తే ముందు ఆయన కూర్చోవాల్సిన కుర్చీ కనిపిస్తుంది.

ఆ జబ్బే కొంప ముంచింది.

పోయిన ఎండాకాలం, ఉగాది దాటి పెళ్లి ముహూర్తాలు మొదలైన రోజులు. మా వాడకట్టు సంఘం పెద్ద కురుమయ్య పెదనాయన నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. ఆయనకు చీరల దుకాణం ఉంది. పెద్దాయన అడిగాడని భార్గవి ఆయన్ను గ్రూపులో మోడరేటర్‌ను చేసింది. ఫోను నొక్కేది ఆయన కొడుకు నరేందర్.

“ఏందిరా సురేషూ, మీ ఇంట్ల నా కిమ్మతు గింతేనా?”

“ఏమైంది పెదనాయనా?”

“నీ పెండ్లాం అడ్మిను. నేను మోడరేటరు. మా నరేందరు సూపిచ్చిండు. కోడలు కుర్చీల, మామ చాపల.”

“చాపల గాదు పెదనాయనా, చూపుల. మోడరేటర్ అంటే చూసుకునేటోడు.”

“నీ మాటల గారడి మైకుల చెయ్. నా పేరు మీదికి రావాలె. గంతే.” టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. సగం అలాగే ఉంది. పెద్దమనిషి టీ సగంలో పెట్టి లేచాడంటే మా వాడలో అది చిన్న సంగతి కాదు.

ఇంటికొచ్చి భార్గవితో చెప్పాను. ఆమె మగ్గం గుంటలో కూర్చొని ఉంది. చేతులు ఆగలేదు.

“చెయ్యను,” అంది.

“పేరుకే గదనే. పెద్దరికం.”

“పేరుకు గాదయ్యా. మోడరేటరు అంటే తలుపు కాడ నిలబడి వచ్చెటోళ్లను సూసెటోడు. అడ్మిను చేతుల తాళం చెవి ఉంటది. ఆయన ఇంకొకరిని అడ్మిను జెయ్యొచ్చు, కట్టుబాటు మార్చొచ్చు, నన్ను గూడ బయటికి నూకొచ్చు. సమజైందా?”

“పెదనాయన నిన్ను నూకుతడా? పెదనాయన గాదే, పెద్ద నాయన!”

ఆమె నవ్వలేదు. మూలన కండెలు చుడుతున్న మా అమ్మ అనంతమ్మ కూడా నవ్వలేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నవ్వకపోతే జోకు బాగాలేదనుకున్నాను గానీ, జోకులో ఉన్న మనిషి బాగాలేడని అనుకోలేదు.

ఏప్రిల్ నెలాఖరున సంఘం భవనానికి పైకప్పు పోశారు. వాడకట్టంతా వచ్చింది. షామియానా, గుడ్డ పరిచిన వేదిక, అయిదు కుర్చీలు, పూలదండలు, మైకు, మైకు వెనక నేను. భార్గవి ఆడవాళ్ల వరుసలో, వెనక. వీడియో తియ్యమని ఆమె ఫోను నాకిచ్చింది. ఆ ఫోను నా జేబులో ఉందన్న సంగతి నాకన్నా ముందు కురుమయ్య పెదనాయన కళ్లకే తెలిసినట్టుంది.

పెద్దలందరినీ పిలిచాను, దండలు వేయించాను. పెదనాయనకు శాలువా కప్పాను. ఆయన ముఖం మాత్రం విప్పారలేదు. కుర్చీలో ఒక అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో లేచి వెళ్లేవాడిలా కూర్చున్నాడు. జనం చూస్తున్నారు. అమరచింత బండి నా కళ్ల ముందు స్టార్టయింది.

అంతే. నోరు జారలేదు, నోరు ఉరికింది.

“సభికులారా! మన చేనేత వాడకు అసలైన నేత ఎవరు? మన కురుమయ్య పెదనాయన! ముప్పై ఒక్క వేల మంది ఉన్న మన గ్రూపుకు ఈ రోజు నుంచి ఆయనే అడ్మిన్ అని, మా ఇంటి తరఫున, ఈ శుభ సందర్భంగా...”

చప్పట్లు. ఏం చప్పట్లు! ఊపొచ్చింది. పక్క కుర్చీలోని పెద్దను వదిలేస్తే బాగుండదని ఆయన్నూ చేర్చాను. ఆ పక్కాయన చిన్నబుచ్చుకుంటాడని ఆయన్నూ చేర్చాను. అయిదు కుర్చీలు, అయిదుగురు అడ్మిన్లు. లడ్డూలు పంచినట్టు పంచాను. ఫోనుల్లేని ఇద్దరి తరఫున వాళ్ల కొడుకులను చేర్చాను.

పెదనాయన నా చెవి దగ్గర వంగి, “చెప్పినవు సరే. ఒత్తు,” అన్నాడు.

ఒత్తాను. ‘ఖాయమేనా?’ అన్నట్టు ఫోను ఒకసారి అడిగింది. ఫోనుకున్న బుద్ధి నాకు లేదు.

తలెత్తేసరికి ఆడవాళ్ల వరుసలో అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఒక్క మనిషి చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఆమె అరుస్తుందని సిద్ధపడ్డాను. అరవలేదు. కాళ్లు కడుక్కొని వచ్చి గడపలో కూర్చుంది.

“నన్ను ఒక్క మాట అడగాలనిపియ్యలే?”

“అందరి ముందల... పెద్దలు గద...”

“పెద్దలకు కుర్చీ ఇయ్యాలనుంటే నీ కుర్చీ ఇయ్యాలె. నా కుర్చీ ఎట్ల ఇస్తవయ్యా?”

జేబులోంచి ఆమె ఫోను తీసి ఆమె ముందు చాచాను.

“ఇప్పుడే తీసెయ్యి మల్ల,” అన్నాను.

“దండేసిన తెల్లారి నేను తీసేస్తే పెద్దలను మెడబట్టి గెంటిందంటరు. ఇచ్చినోడివి నువ్వు. నువ్వే పొయ్యి అడుగు. వారంల అడుగు.”

“అడుగుత,” అన్నాను. ఆ వారం పెద్దమందడిలో పెళ్లి. తర్వాతి వారం వనపర్తిలో రెండు. పడుగు వేయడం వచ్చినవాడికి అడుగు వేయడం రాలేదు. కురుమయ్య పెదనాయన దుకాణం ముందు నుంచి మూడుసార్లు బండి మీద పోయాను. మూడుసార్లూ “నమస్తే పెదనాయనా!” అని అరిచి పోయాను. ఆయన కూడా చెయ్యి ఊపాడు. ఇక అడగడానికి ఏముంది, అంత మంచి మనిషిని?

“మీ నాయన నోరు లేక చెడిండు,” అంది మా అమ్మ కండె చుడుతూనే. “నువ్వు నోరుండి చెడుతున్నవు.”

మే నెల రెండో వారంలో గ్రూపులో చీరలు పెరిగాయి. రోజుకు పదీ పన్నెండూ. మగ్గం లేదు, మనిషి లేడు, పేరు లేదు. గోడకు వేలాడదీసిన చీరలు, కింద నరేందర్ ఫోను నంబరు. భార్గవి తీసేసేది. సాయంత్రానికి మళ్లీ ఉండేవి. అయిదుగురు అడ్మిన్లలో ఏ చెయ్యి ఒప్పుకుందో తెలియదు. సభ్యులు పెరుగుతున్నారు, సభ్యత తరుగుతోంది. నేసేవాళ్ల వీడియోలు ఎక్కడో కిందికి పోయాయి. వాటిని ఒప్పుకునే తీరిక కొత్త నేతలకు లేదు.

ఆమె నరేందర్‌కు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

“తమ్మీ, మగ్గం వీడియో లేకుండ పెట్టొద్దు. అది మొదటి నుంచున్న కట్టుబాటు.”

“వదినా, కట్టుబాటు నువ్వొక్కదానివే కడితే ఎట్ల? ఇప్పుడు అయిదుగురు పెద్దలున్నరు. నాయన మాట్లాడుతడు తియ్.”

నాయన మాట్లాడలేదు. తెల్లారి మధ్యాహ్నం, భార్గవి కంచం ముందు పెట్టుకొని ఫోను తెరిచింది. అన్నం కలపబోయిన చెయ్యి ఆగింది. నేను తొంగి చూశాను. ‘మగ్గం దగ్గరి మాట’ పేరు ఉంది, ఆమె నేసిన మామిడిపిందెల అంచు బొమ్మ ఉంది. దాని కింద నీలం రంగులో ‘గ్రూపులో చేరండి’ అని ఉంది.

ఒత్తి చూసింది. మూడు ప్రశ్నలు వచ్చాయి. మీది ఏ ఊరు? మీరు నేస్తారా, కొంటారా? కట్టుబాట్లు చదివారా? మూడూ ఆమె రాసినవే. మూడేళ్ల కింద ఈ గడపలోనే కూర్చొని, తప్పులు దొర్లకుండా నాతో రెండుసార్లు చదివించి రాసిన ప్రశ్నలు.

ఆమె ఫోను బోర్లించి అన్నం తిన్నది. మెతుకు మిగల్చలేదు. తర్వాత గుంటలోకి దిగింది. ఆ మధ్యాహ్నం మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు ఎంత వేగంగా వినిపించిందంటే మా అమ్మ కండెలు అందించలేకపోయింది.

అయినా నేను వెళ్లి అడగలేదు. అది రాయకుండా ఉంటే బాగుండేది. కానీ జరిగింది అదే.

నన్ను కదిలించింది నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో వచ్చిన ఒక టీచర్. పేరు పూర్ణిమ. మే నెలాఖరు ఎండలో, చేతిలో కవరుతో, వాడలో ఇల్లు అడుగుతూ వచ్చింది. మంచినీళ్లిస్తే తాగలేదు. కవర్లోంచి చీర తీసి మగ్గం మీదే పడేసింది.

“భార్గవి అంటే నువ్వేనా? మా బిడ్డ పెండ్లికి తీస్కున్న. ఒక్కసారి కట్టింది, అంచు ఊడొచ్చింది. వియ్యాలవారి ముందల! నీ పేరు చూసి తీస్కున్నమమ్మా. ఎంత నమ్మకంగ తీస్కున్నమో తెలుసా నీకు?”

భార్గవి చీర తిరగేసింది. వెనక కత్తిరించిన పోగులు గడ్డిలా లేచి ఉన్నాయి.

“ఇది నేను ఒప్పుకున్నది కాదు మేడం. నన్ను గ్రూపులోంచి తీసేసి పదిహేను రోజులైంది.”

“తీసేస్తే నీ పేరెందుకుంది?”

టీచర్ తన ఫోను తీసి చూపించింది. గ్రూపు గురించి రాసే చోట భార్గవి మొదటి రోజున రాసిన వాక్యం అలాగే ఉంది: ‘ఇక్కడి ప్రతి చీరనూ భార్గవి చూసి ఒప్పుకున్నాకే పెడతాం.’

మనిషిని గెంటారు, పేరును మాత్రం ఉంచుకున్నారు! కాళ్లు విరగ్గొట్టి చెప్పులు దాచుకున్నట్టు. నాకు వచ్చిన కోపం అంచు దాటింది, కొంగు దాటింది, వాడ కూడా దాటేదే. భార్గవి మాత్రం ఒక్క మాట అంది.

“మేడం, చీర నాకియ్యండి. నాతోని జర దుకాణం దాక రాండ్రి. నువ్వు గూడ రావయ్యా.”

దుకాణంలో ఫ్యాన్ తిరుగుతోంది. కురుమయ్య పెదనాయన దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. నరేందర్ ఎవరికో చీర మడతపెడుతున్నాడు. భార్గవి చీరను బల్ల మీద వెనకవైపు పైకి వచ్చేలా పరిచింది.

“పెద్దమామా, ఇది మీ దుకాణంల నుంచి పోయిన చీర. నా పేరు మీద పోయింది.”

ఆయన చీర చూడలేదు. నన్ను చూశాడు. “ఏందిరా సురేషూ, ఆడమనిషిని ముందల వెట్టి లొల్లికి తెచ్చినవు?”

“లొల్లి నాది, మామా. నన్నెందుకు తీసిన్రు?”

నరేందర్ అందుకున్నాడు. “వదినా, పెద్దలు పెట్టిన పోస్టులు నువ్వు తీసేస్తుంటె పెద్దలకు ఇజ్జత్ ఉంటదా? మేం గుంజుకున్నమా ఏంది? అన్ననే గద మైకుల ఇచ్చిండు. వాడకట్టంత చప్పట్లు కొట్టె.”

అందరూ నావైపు తిరిగారు. పూర్ణిమ టీచర్ కూడా. “ఇచ్చింది నేనే,” అన్నాను.

“మరింకేంది?” అన్నాడు పెదనాయన, పంచాయితీ ముగించే గొంతుతో. “కోడలా, ఇంటిది ఇంట్లనే ఉండాలె. రేపు మల్ల తీస్కుంటం నిన్ను. మోడరేటరుగ పెడ్తం. పొద్దుమాపు నువ్వే సూస్కో. నరేందరుకు గూడ పెండ్లిళ్ల గిరాకి, తీరుత లేదు. సరేనా?”

తాను కట్టిన ఇంట్లో తలుపు దగ్గర కాపలా! అదీ ఆయన దయతలచి ఇస్తున్నాడు! నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. భార్గవి చీరను మెల్లగా మడతపెట్టి ఆయన ముందుకు జరిపింది.

“వద్దు మామా. నా పేరు ఒక్కటి తీసెయ్యిండ్రి. గంతే అడుగుతున్న.”

పెదనాయన కొడుకును చూశాడు. కొడుకు ఫోను చూశాడు. చాలాసేపు చూశాడు.

“అది యాడుంటదో తెల్వదు నాయనా,” అన్నాడు.

పూర్ణిమ టీచర్ అప్పుడు నవ్వింది. మొదటిసారి మంచినీళ్లు అడిగి తాగింది. ఆ చీర మార్చి ఇమ్మని గంట కూర్చుంది, మార్చుకునే లేచింది. మార్చినదాన్ని భార్గవి తిరగేసి చూసి, “ఇది మన అమరచింత మగ్గం, తీస్కోండి” అన్నాకే కవర్లో పెట్టుకుంది.

మృగశిర రాకముందే భార్గవి కొత్త గ్రూపు తెరిచింది. మొదట చేరింది పూర్ణిమ టీచర్. రెండు రోజుల తర్వాత ఆమెనే మోడరేటర్‌ను చేసింది. బడి పిల్లల నోటుపుస్తకాలు దిద్దే చెయ్యి, వీడియోలకు భయపడుతుందా! వారంలో ఇంకో అరవై మంది చేరారు, అందరూ నేసేవాళ్లు. నేనూ చేరతానని అడిగాను. ప్రశ్నలు వచ్చాయి. ‘ఎందుకు చేరుతున్నారు?’ అన్నదానికి ‘భార్య ఉన్న చోటే బార్యాడు!’ అని రాశాను. ఆ మాటకు అర్థం లేదు, ప్రాస ఉందని రాశాను. తిరగ్గొట్టింది. రెండోసారి ఇంకా మంచి ప్రాసతో రాశాను. అదీ తిరిగొచ్చింది. మూరెడు దూరంలో కూర్చొని ఉంది మనిషి!

“ఏందే, మొగుణ్ని గూడ తీస్కోవా?”

“అక్కడ నా పేరు ఇంకా ఉందయ్యా,” అంది. తల ఎత్తలేదు. “రోజు ఎవరో ఒకరు మోసపోతున్నరు నా పేరు మీద. నాకక్కడ నోరు లేదు. నీకుంది.”

నిజమే. పాత గ్రూపులో నేనింకా సభ్యుణ్ని. పోస్టు పెడితే ఎవరో ఒక అడ్మిన్ ఒప్పుకోవాలి, కామెంటుకు ఆ బాధ లేదు. నరేందర్ పెట్టిన పెళ్లిచీరల పోస్టు ఒకటి అన్నిటికన్నా పైన ఉండేది. దాని కింద రాయడం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ ‘నేతలారా’ అని మొదలుపెట్టి కొట్టేశాను. మళ్లీ ఏదో చమత్కారం వచ్చింది, కొట్టేశాను. చివరికి ఇంత మిగిలింది:

‘ఈ గ్రూపు పెట్టింది నా భార్య భార్గవి. ఆమెను అడగకుండా, ఆమె ఫోనులోంచి, అయిదుగురిని అడ్మిన్లను చేసింది నేను. వాళ్లు ఆమెను తీసేశారు. ఇప్పుడు ఇక్కడి చీరలు ఆమె చూసినవి కావు. ఆమె పేరు చూసి కొనకండి. ఆమె చూసినవి ఆమె తెరిచిన కొత్త గ్రూపులోనే ఉంటాయి. తప్పు నాది. సురేష్, గద్వాల.’

పెట్టేశాను. మూడు జిల్లాల జనం ముందు మాట్లాడినవాణ్ని, నాలుగు ముక్కలు రాస్తే చెమట పట్టింది.

నన్ను తీసేయడానికి వాళ్లకు నలభై నిమిషాలు పట్టింది. తీసేయడం ఎక్కడుంటుందో మాత్రం నరేందర్‌కు బాగా తెలుసు. ఆ నలభై నిమిషాల్లో మూడు వందల పైచిలుకు మంది కొత్త గ్రూపు తలుపు తట్టారు. తెల్లారి భార్గవి పేరు కూడా పాత గ్రూపులోంచి పోయింది. ఎవరు వెతికి తీశారో గానీ. వాళ్లకు అది దొరికేదే అన్నమాట! ఇన్నాళ్లూ వెతకలేదు, అంతే!

సాయంత్రానికి పెదనాయన ఫోను చేశాడు. “శ్రావణంల సంఘం సన్మానం ఉంది. నీకు తీరదేమో అని వేరే పిల్లగాన్ని మాట్లాడినం,” అన్నాడు. తీరుతుందని నేను చెప్పలేదు. పెట్టేశాక కూడా ఫోను చేతిలోనే ఉంది. బాధ లేదని అనను.

అప్పుడు ఆ చేతిలోనే ఫోను మోగింది. కొత్త గ్రూపు నన్ను చేర్చుకుంది. మగ్గం వైపు చూశాను. ఆమె పేక సరిచేసుకుంటోంది, నన్ను చూడలేదు. సంబరంగా ఒక పోస్టు రాసి పంపాను. ‘మీ పోస్టు అడ్మిన్ ఆమోదం కోసం వేచి ఉంది’ అని వచ్చింది. పూర్ణిమ టీచర్‌కు ఫోను చేసి కనుక్కున్నాను. ఆమె నవ్వు ఆపుకొని చెప్పింది. చీరలు అమ్మేవాళ్లవి తప్ప మిగతా అందరి మాటలూ తిన్నగా వెళ్తాయట. ఒక్క సభ్యుడు మాత్రం ఏం రాసినా అడ్మిన్ చూసి ఒప్పుకున్నాకే బయటికి రావాలని భార్గవి కట్టుదిట్టం చేసి పెట్టిందట.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఒళ్లు మండింది. ఇదేం అన్యాయం, కట్టుకున్నవాడి మీద ఇంత నిఘానా, నాలుగొందల మందిలో నేనొక్కణ్నే దొరికానా అని పెద్ద పోస్టు రాశాను. ప్రాసలన్నీ కుదిరాయి. పంపాను.

మృగశిర దాటింది, ఆరుద్ర వచ్చింది, వానలు పడుతున్నాయి. ఆమె ఇంకా చూడలేదు.